తొమ్మిదికి కనపడనిది

తడిగుడ్డ పిండి నాలుగు మడతలు పెట్టి అడుగు నుంచి గుండ్రంగా తుడుచుకుంటూ పైకి వస్తున్నాను, రోజూ పొద్దున్నే చేసే పనే, నాయనమ్మ మంచం పక్కన నిలబడి ఉండే ఆక్సిజన్ సిలిండరు మీద దుమ్ము ఉండకూడదు, నూనె మరక అసలే ఉండకూడదు, నూనె తగిలితే ఆ గాలి భగ్గుమంటుందని నాన్న మొదటి రోజే చెప్పాడు, అందుకే తలకి నూనె రాసుకున్న రోజున నేను దాని దరిదాపులకి కూడా పోను. పాతది నిన్న అయిపోతే, నాన్నా నేనూ సిలిండర్లు పరీక్షించే మా పనిచోటి నుంచే ఇద్దరు మనుషులు సాయంత్రం దీన్ని దింపి, ఖాళీదాన్ని చేతుల మీద మోసుకుపోయారు, తోపుడు బండి చక్రం ఊగుతోందని, బిగించి పెట్టమని బండిని నాన్నకి వదిలేసి వెళ్ళారు. నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలు, నా గడ్డం దాకా ఎత్తు. బాత్రూంలో నాన్న చెంబు బకెట్‌కి కొట్టుకుంటున్న చప్పుడు. అమ్మ రొట్టెల కార్ఖానాలో తొలి షిఫ్టుకి ఎప్పుడో వెళ్ళిపోయింది. నాయనమ్మ వెల్లకిలా నిద్రపోతోంది, ముక్కు దగ్గర గొట్టం సన్నగా బుస్సుమంటోంది, ఆ బుస్సుకీ ఆమె ఊపిరికీ మధ్య ఎప్పుడూ కాస్త ఎడం, ముందు ఒకరు తర్వాత ఒకరు నడిచే మొగుడూ పెళ్ళాల్లా. గుడ్డ భుజం మీదికి ఎక్కింది, దుమ్ము కింద నుంచి నంబరు లేచింది, ఉలితో కొట్టిన అంకెలు, వేలికి గుంటలు గుంటలుగా తగులుతాయి, మూడు ఒకటి సున్నా, ఎనిమిది నాలుగు రెండు, ఏడు ఐదు ఆరు. చూసిన నంబరుని ఊరికే వదలడం నాకు చేతకాదు, కొందరు గోడ మీద పెచ్చు కనిపిస్తే గిల్లుతారు కదా, అలాగే. ముప్ఫై ఒక్క కోట్ల ఎనిమిది లక్షల నలభై రెండు వేల ఏడు వందల యాభై ఆరు. గుడ్డ ఆగిపోయింది. దీన్ని నేను ఎరుగుదును.

ఎరగడమంటే మామూలుగా కాదు, దీని కడుపులో ఏమేం ఉన్నాయో కూడా ఎరుగుదును. చివర యాభై ఆరు ఉంది కాబట్టి నాలుగుతో భాగిస్తే శేషం లేకుండా పోతుంది, అంకెలన్నీ కూడితే ముప్ఫై ఆరు కాబట్టి తొమ్మిది పోతుంది, మిగిలిన దాంట్లో ఏడు పోతుంది, ఆ తర్వాత చాలాసేపు ఏదీ పోదు, పదకొండు పోదు, పదమూడు పోదు, పదిహేడు పోతుంది, పదిహేడు పోయిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది, చీకటి గదిలో తడుముకుంటుంటే చేతికి గొళ్ళెం తగిలినట్టు. ఆఖరికి డెబ్భై రెండు వేల ఐదు వందల యాభై తొమ్మిది మిగులుతుంది, అది ఇక దేనికీ లొంగదు, రెండు వందల అరవై తొమ్మిది దాకా ఒక్కొక్క దాంతో భాగించి చూశాను, మొండి ఘటం, విడదీయరాని గింజ. నాలుగు నెలల కింద, వానల వారంలో, కరెంటు పోయి పంపు ఆగిపోయి అందరం రేకుల కింద కూచున్నప్పుడు లెక్కల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో చేశాను ఈ పని. వెయ్యి నంబర్లలో దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే అంతకు ముందే నాన్న దీన్ని నీళ్ళ పరీక్షలో తీసేశాడు. నీళ్ళు నింపి, మూతి బిగించి, పంపుతో లోపల ఒత్తిడి పెంచితే ఇనుము కూడా పొట్ట ఉబ్బుతుంది, వెంట్రుకవాసి, పక్కన గాజుగొట్టంలో నీటిమట్టం లేవడాన్ని బట్టి తెలుస్తుంది, ఒత్తిడి తీసేస్తే మంచి ఇనుము మళ్ళీ తన కొలతకి తను వచ్చేస్తుంది. ఇది రాలేదు. నాన్న గాజుగొట్టం వంక కాసేపు చూసి, వేలితో తట్టి, మళ్ళీ చూసి, అలసిపోయిందమ్మలూ, రాసుకో, అన్నాడు, ఎవరో ముసలాయన పోయాడని చెప్పినట్టు. నేను రాసుకున్నాను. అలసిన ఇనుము ముందుగా చెప్పదు అంటాడు ఆయన, గాజు పగిలే ముందు గీత పడుతుంది, కర్ర విరిగే ముందు చిటపటమంటుంది, ఇనుముకి ఆ మర్యాద లేదు.

మరి అలసిపోయినది కోతకి వెళ్ళింది కదా. వెళ్ళింది, దాని మెడ మా ఇంట్లోనే ఉంది. పరీక్షలో పోయిన వాటిని మా దగ్గర భుజాల కింద అడ్డంగా రంపంతో కోసేస్తారు, ఎవరూ మళ్ళీ నింపకుండా, రంపం దగ్గర పనిచేసే ఆయన్ని అందరం రంపం మామ అంటాం, ఆయనకి తోచినప్పుడు కోసిన మెడని అంచులు నున్నగా అరగదీసి ఎవరికైనా ఇస్తాడు, పూలకుండీ కింద పెట్టుకోవడానికో, తలుపుకి అడ్డం పెట్టుకోవడానికో. వానల వారం అయ్యాక ఒకరోజు అలాంటి మెడని తెచ్చి నాన్న ముందు ఠంగుమని పెట్టి, ఇదిగో బావా, అంకెలన్నీ కూడి చూశా, నిండు తొమ్మిది, తొమ్మిదో ఎక్కం గారింటికి తొమ్మిది కాక ఏడు పంపిస్తామా, అన్నాడు, అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వి దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అప్పటి నుంచి ఈ గది తలుపు గాలికి మూసుకుపోకుండా అదే కాపలా. రోజుకి పదిసార్లు దాన్ని దాటుతాను, కాలి బొటనవేలు రెండుసార్లు కొట్టుకుంది కూడా. ఇప్పుడు గుడ్డ చేతిలోనే ఉంది, తల మాత్రం తిప్పాను, తిప్పకముందే తెలిసిపోయిందనుకుంటా, ఎందుకంటే తిప్పడానికి చాలాసేపు పట్టింది. మూడు ఒకటి సున్నా, ఎనిమిది నాలుగు రెండు, ఏడు. ఆరు. ఐదు. చివర ఐదు ఉంటే ఐదు పోతుంది, చివర ఐదు ఉన్న నంబరులో నాలుగు ఎక్కడి నుంచి పోతుంది, చిన్నపిల్లకి కూడా తెలుసు. నాలుగు నెలలు కళ్ళెదురుగా పెట్టుకుని నేను దాని అంకెల మొత్తం తప్ప ఇంకేమీ చూడలేదు. మొత్తం సరిపోయింది కదా, ఇంకెందుకు చూస్తాం.

అంటే కోసింది మంచిదాన్ని. అలసిపోయింది ఇక్కడ ఉంది. మా నాయనమ్మ తలకి మూరెడు దూరంలో, గొంతుదాకా గాలి కుక్కుకుని, తన పాటికి తను ఊపిరి పోస్తూ. నంబరు పక్కనే ఈ ఏటి పరీక్ష ముద్ర ఉంది, గుండ్రంగా, లోతుగా, నాన్న చేత్తో కొట్టిన ముద్ర, కోత జాబితాలో లేనివన్నీ మంచివే కాబట్టి వరసలో ఉన్నవాటికి ముద్ర కొట్టుకుంటూ పోతాడు. తీసేసిన దాని మీద సుద్దతో అడ్డగీతలు వేస్తాడు గాని ఆ వారమంతా వాన, సుద్ద ఎక్కడ నిలుస్తుంది. జాబితా ఉన్నదే అందుకు. జాబితా రాసేది నేను.

మెల్లగా, వేళ్ళు ఒక్కొక్కటే తీస్తున్నట్టు, గుడ్డని భుజం మీద నుంచి తీశాను. ఇప్పటిదాకా తుడిచినప్పుడు ఎంత గట్టిగా రుద్దాను. బాత్రూం తలుపు దగ్గరకి వెళ్ళి, నాన్నా, త్వరగా రా, అన్నాను, గొంతు ఎప్పటిలాగే వచ్చింది, నాది గట్టిగా రాని గొంతు, అమ్మ అంటుంది నువ్వు అరిచినా పక్కింటి పిల్లికి కూడా వినపడదని. లోపల నుంచి, ఏంటమ్మలూ, నాయనమ్మ లేచిందా, అన్నాడు. లేదు, నువ్వు రా. ఒళ్ళంతా సబ్బు, నురగతో వచ్చెయ్యనా, రెండు చెంబులు పోసుకునేదాకా ఆగు. చెంబు మళ్ళీ బకెట్లో మునిగింది. నేను వెనక్కి వచ్చేసరికి నేల మీద ఎండ కనిపించింది. తూర్పు కిటికీ లోంచి రోజూ ఈ వేళకి చాపంత ఎండ పడుతుంది, మంచం కోడు దగ్గర మొదలై అడుగులో అడుగేసుకుంటూ జరిగి ఏడు గంటలకి సిలిండరు భుజం తాకుతుంది, ఏడున్నరకి ఒళ్ళంతా. పాతదాని మీద కూడా పడేది, నల్ల రంగు వేడెక్కి చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది, చలిరోజుల్లో నాయనమ్మ దాని మీద అరచెయ్యి ఆనించుకునేది. వేడికి లోపల గాలి పెరుగుతుంది, చోటు పెరగదు. పరదా లాగితే పల్చటి గుడ్డ, ఎండ అందులోంచి కూడా వడగట్టుకుని వస్తుంది. నేను వెళ్ళి కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాను. నా నీడ పొడుగ్గా నేల మీద పరుచుకుని సిలిండరుని నడుము దాకా కప్పింది. ఇంకాస్త కుడికి జరిగితే భుజం కూడా. అలా నిలబడ్డాను, వీపు మీద వెచ్చదనం, ఎదురుగా ఆ నంబరు, మీటరు ముల్లు నిండుకి దగ్గర్లో, కదలడం లేదు, కదలదు, కదిలితే చూడ్డానికి మనం ఉండం.

తొమ్మిదుల పని నాన్న పెట్టిన పద్ధతే. ఆయన రాకముందు నంబర్లు రాసేటప్పుడు తప్పులు దొర్లేవట, ఎనిమిదికి మూడు, ఒకటికి ఏడు, ఎవరి చేతిరాత వారిది. ఆయన చదివింది ఐదో తరగతే గాని అంకెలు కూడి తొమ్మిదులు తీసెయ్యడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు, ఎంత పెద్ద నంబరయినా సరే, అంకెలు కూడు, వచ్చినదాన్ని మళ్ళీ కూడు, ఒక్క అంకె మిగిలేదాకా, అది దాని తోక. ఆయన ఇనుము మీద చూసి తోక అరుస్తాడు, నేను కాగితం మీద చూసి తోక అరుస్తాను, రెండు తోకలూ ఒకటైతే రాత ఒప్పు. ఏడు! ఏడే! నాలుగు! నాలుగే! సాయంత్రం పని ముగిసేముందు పావుగంట మా పనిచోటంతా సంతలా ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు వేలంపాట అనుకుంటారు. తొమ్మిదో ఎక్కం అనే పేరు అలా వచ్చింది ఆయనకి, అనేవాళ్ళు ఎగతాళిగానే మొదలుపెట్టారు, తర్వాత అది బిరుదైపోయింది. ఎనిమిది బదులు మూడు రాస్తే తోక దొరికిపోతుంది, ఒకటి బదులు ఏడు రాస్తే దొరికిపోతుంది, ఆ ఏడాదిలో తప్పులన్నీ తుడిచిపెట్టుకుపోయాయని యజమాని నాన్నకి కొత్త చొక్కా గుడ్డ పెట్టాడు. ఆ రోజు మేము అరిచింది కూడా నాకు వినపడుతోంది ఇప్పుడు, పైన రేకుల మీద వాన, ఆయన తొమ్మిది! అని, నేను తొమ్మిదే! అని. నిండు తోక, అన్నాడు కూడా నవ్వుతూ.

మా ఊరి బడిలో లెక్కల టీచరు, పల్చటి మనిషి, ఎప్పుడూ సుద్దపొడి అంటుకున్న చేతులు, ఒకరోజు పదకొండు సంగతి చెప్పడానికి మమ్మల్ని ఎండలోకి తీసుకుపోయింది. నేల మీద తాడు పరిచి, తొమ్మిది మందిని ఎంచి, ఒకర్ని తాడుకి ఇటు, ఒకర్ని అటు, మళ్ళీ ఒకర్ని ఇటు, ఇలా నిలబెట్టి, మెడలో పలకలు వేసి, పలక మీద అంకె రాసింది. ఇటువాళ్ళందరినీ కూడండి, అటువాళ్ళందరినీ కూడండి, ఇందులోంచి అది తీసెయ్యండి, మిగిలిందే పదకొండు తోక, అంది. తర్వాత పక్కపక్కన నిలబడ్డ ఇద్దర్ని, నన్నూ నా స్నేహితురాల్నీ, చోటు మార్చుకోమంది, మేం తాడు దాటాం. ఇప్పుడు కూడండి. తోక మారిపోయింది. ఇప్పుడు తొమ్మిది తోక కూడా చూడండి, అంది, అది మారలేదు. అందరూ ఆశ్చర్యపోతే ఆమె నవ్వలేదు. తొమ్మిదికి ఎవరెవరు వచ్చారో తెలుసు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియదు, అంది. ఆ మాట నేను రాసుకున్నాను. రాసుకున్నానే గాని దాని అర్థం ఈ గదిలో నిలబడి ఉంటుందని ఎవరికి తెలుసు. మనిషి చెయ్యి చేసే తప్పుల్లో అన్నిటికన్నా మామూలు తప్పు ఇదే, పక్కపక్క రెండు అంకెలు తిరగబడటం, యాభై ఆరుకి అరవై ఐదు. అరవై ఐదులోంచి యాభై ఆరు తీస్తే తొమ్మిది. ముప్ఫై నాలుగూ నలభై మూడూ, తొమ్మిది. పన్నెండూ ఇరవై ఒకటీ, తొమ్మిది. ఏ రెండింటిని తిరగేసినా తేడా తొమ్మిదో, తొమ్మిది రెట్లో, తప్పుకీ ఒప్పుకీ మధ్య ఉన్న దూరమే తొమ్మిది, ఇక తొమ్మిది దాన్ని ఎలా పట్టుకుంటుంది, దొంగ ఇంటి మనిషే అయితే కుక్క మొరుగుతుందా.

పనిలో చేరిన కొత్తలో ఈ పదకొండు పద్ధతి చెప్పాను నాన్నకి, అన్నం తింటున్నాడు, నాన్నా, పదకొండుతో కూడా ఒకసారి చూద్దామా, రెండు తోకలుంటే మంచిది కదా, అని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, ఉన్న ఒక్క తోక ఊపలేక చస్తుంటే రెండో తోక కావాలా తల్లీ, అన్నాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నా మొహం చూసి మెత్తబడి, ముప్ఫై ఏళ్ళుగా తొమ్మిది నన్ను మోసం చెయ్యలేదమ్మలూ, అన్నాడు. మోసం చెయ్యలేదని ఆయనకి ఎవరు చెప్పారు? తొమ్మిదే చెప్పింది. ఇంకోసారి అడగలేదు నేను. అడిగితే వినేవాడేమో, నేను రెండోసారి అడిగే మనిషిని కాను, బడిలో కూడా జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు, పక్కదానికి చెవిలో చెప్పేదాన్ని.

తెల్ల భుజాల మీద ఎండ ఒక గోరంత అంటుకుంది, నేను జరిగాను. ఎవరు తిరగేశారు? ఆయన ఇనుము మీద చూసి అంకె అంకె చదువుతాడు, నేను రాస్తాను. ఆయన కళ్ళద్దాల మీద వాన తుంపర ఉండింది ఆ రోజు. నా వేళ్ళు చలికి బిగుసుకుని ఉన్నాయి. అట్ట వెనక నేను విడదీసింది యాభై ఆరునే, అంటే నా చెవిలో పడింది ఒప్పే, అంటే తప్పు చేసింది నా చెయ్యే, లేదా అట్ట మీద చేసినప్పుడు నేను వెళ్ళి సిలిండరు మీదే చూసి రాసుకున్నానా, అదీ గుర్తు లేదు, గుర్తు రావడం లేదు, కళ్ళు మూసుకుంటే వాన చప్పుడూ ఆ పదిహేడూ మాత్రమే వస్తున్నాయి. ఒకే కొలిమిలో వందేసి సిలిండర్లు వరస నంబర్లతో పుడతాయి, వంద ముక్కల్లో తొంభైకి ఇలా తిరగబడితే వచ్చే కవల ఉంటుంది, పదింటికే ఉండదు, పదకొండు, ఇరవై రెండు, ముప్ఫై మూడు, అలాంటి వాటికి. అవన్నీ ఒకే ఆసుపత్రి కొంటుంది, ఒకేసారి పరీక్షకి వస్తాయి, కవలలు పక్కపక్కనే నిలబడతాయి మా పనిచోటి పెరట్లో. వారానికి పదో పన్నెండో కోతకి వెళ్తాయి. మూడేళ్ళుగా రాస్తున్నాను. ఆ జాబితాలన్నిటి మీదా తోకలు కలిశాయి. ఇది ఒక్కటే అనుకోవడానికి నాకున్న ఆధారం ఏమిటి? ఇది మా ఇంటికి వచ్చింది కాబట్టి కనిపించింది. మిగతావి ఎవరి మంచాల పక్కన నిలబడి ఉన్నాయో, ఎవరు తడిగుడ్డతో తుడుస్తున్నారో, వాళ్ళకి అంకెలు గిల్లే అలవాటు ఉండదు.

అదేంటే, నాకు ఎండ అడ్డంగా నిలబడ్డావు, అంది నాయనమ్మ. ఎప్పుడు లేచిందో, కళ్ళు సగమే తెరిచి ఉంది. నూలు మిల్లులో ముప్ఫై ఏళ్ళు దూది పీల్చిన ఊపిరితిత్తులు, మాట మాటకి మధ్య ఆగుతుంది. ఊరికే నాయనమ్మా, చలిగా ఉంది. చలా, ఈ కాలంలోనా, నీకేమైనా... పెళ్ళి కుదిరిందా ఏంటి, చెప్పకుండా. తనే నవ్వి దగ్గింది. చెయ్యి పక్కకి చాపి సిలిండరు ఒంటి మీద అరచెయ్యి ఆనించింది. కొత్త మొగుడు చల్లగా ఉన్నాడే, అంది. సిలిండర్లన్నీ ఆమెకి మొగుళ్ళే, నెలకో కొత్త మొగుణ్ణి తెస్తున్నాడు నా కొడుకు, మీ తాత ఊపిరి తీశాడు, వీళ్ళు ఊపిరి పోస్తున్నారు, అంటుంది వచ్చినవాళ్ళందరితో. నాయనమ్మా, చెయ్యి తియ్యి, అన్నాను. ఎందుకే? తుడిచాను, తడి ఆరలేదు. ఆమె చెయ్యి తియ్యలేదు, వేళ్ళతో మెల్లగా తట్టింది, పసిపిల్లని జోకొడుతున్నట్టు, టక్ టక్, గోళ్ళు ఇనుము మీద, ఒక్కొక్క దెబ్బా నా పళ్ళలో మోగింది. నాలుగు నెలలు ఎన్ని చేతులు మారి ఉంటుంది ఇది, లారీల్లో, ఆసుపత్రి మెట్ల మీద, ఎన్నిసార్లు నింపి ఉంటారు, అన్నిసార్లూ పొట్ట ఉబ్బి కొంచెం తక్కువగా వెనక్కి వచ్చి ఉంటుంది, ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి రాకుండా ఉండిపోయి. ఎన్నోది ఆఖరిదో ఎవరు చెబుతారు. దీనికి తోక లేదు. నాయనమ్మా, చెయ్యి. నా గొంతులో ఏదో విని ఆమె తీసింది. ఏమిటే, అంది, ఈసారి నవ్వకుండా. నేను కదల్లేదు. ఎండ నా వీపుని దాటడానికి రెండు వైపులా చూస్తోంది.

బాత్రూం గొళ్ళెం తీసిన చప్పుడు. నాన్న భుజం మీద తువ్వాలు, జుట్టులోంచి నీళ్ళు కారుతూ వచ్చాడు, ఏంటమ్మలూ, కొంప మునిగినట్టు పిలిచావు, అంటూ. చెప్పాలి. మాటలు వరసగా పెట్టుకుంటుంటే నాయనమ్మ నన్నే చూస్తోంది, ఆమె ముందు ఎలా చెప్పను. కిటికీ వదిలి వెళ్ళాను, నా వెనకే ఎండ దూరింది, తలుపు దగ్గరి మెడని రెండు చేతులా ఎత్తాను, అంత బరువుంటుందని తెలియదు, తెచ్చి సిలిండరు పక్కన మెత్తగా నేల మీద పెట్టి, నంబరు ఆయనవైపు తిప్పాను. వెళ్ళి మళ్ళీ ఎండకి అడ్డంగా నిలబడ్డాను. ఆయన మెడ వంక చూశాడు, సిలిండరు వంక చూశాడు. పెదవులు కదిలాయి. అదీ తొమ్మిదే, ఇదీ తొమ్మిదే, అయితే ఏంటి, అన్నాడు. నేను, పదకొండు చూడు నాన్నా, అన్నాను. రెండోసారి అడగడం. ఎప్పుడో మూడేళ్ళ కింద అడగాల్సిన రెండోసారి.

ఆయన వంగాడు. తడి వేలు నంబరు మీద పెట్టి కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి తాకుతూ పోయాడు, ఆరు, ఏడు, నాలుగు, సున్నా, మూడు, ఇరవై. మిగిలినవి, ఐదు, రెండు, ఎనిమిది, ఒకటి, పదహారు. మెడ మీద పంతొమ్మిది, పదిహేడు. ఎక్కడ నేర్చుకున్నాడు ఇది, నేను ఆ రోజు అన్నం దగ్గర చెప్పింది ఒక్కసారే, అందరూ నవ్వుతున్నప్పుడు, ఆయన కూడా నవ్వుతూనే వినేశాడా. వేలు చివరి రెండు అంకెల మీద ఆగిపోయింది. తర్వాత తన ముద్ర మీదికి జరిగి అక్కడ ఉండిపోయింది. నీటి బొట్టు ఒకటి ఆయన గడ్డం నుంచి తెల్ల భుజం మీద పడి జారింది. చూస్తుండగానే ఆయన మొహంలోంచి మా నాన్న వెళ్ళిపోయి గాజుగొట్టం ముందు కూచునే మనిషి వచ్చాడు.

ఆ తర్వాత అంతా చప్పుడు లేకుండా జరిగింది. మంచం కింద నుంచి చిన్న సిలిండరు లాగాడు, నలభై నిమిషాలు వస్తుంది అది, గొట్టం అటు మార్చాడు, ముల్లు చూశాడు, పెద్దదాని మూత పసిపిల్ల బుగ్గ పట్టుకున్నట్టు పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పి మూశాడు. బుస్సు ఆగింది, ఇంకో సన్నటి బుస్సు మొదలైంది. ఏరా, నా మొగుణ్ణి ఎక్కడికి లాక్కుపోతున్నావు, పొద్దున్నే, అంది నాయనమ్మ. నాన్న బయటికి నడిచాడు. మెట్టు దగ్గరి తోపుడు బండిని లోపలికి తెచ్చాడు, చక్రం రాత్రే బిగించాడు, చప్పుడు చెయ్యలేదు. సిలిండరుని కౌగిలించుకుని తన వైపుకి వంచుకుని బండి మీదికి ఎక్కించాడు, తాడు కట్టాడు, తువ్వాలు తడిపి దాని భుజాల మీద కప్పాడు. నేను చెయ్యి వెయ్యబోతే అరచెయ్యి చూపించాడు, ఆగు అన్నట్టు కూడా కాదు, దూరం అన్నట్టు. వీధి చివర ఇళ్ళు లేని ఖాళీ జాగా ఉంది, అక్కడ మూత తెరిచి మెల్లగా గాలి వదిలేస్తాడని నాకు తెలుసు, అక్కడికి ఇరవై నాలుగు గుమ్మాలు దాటాలని కూడా తెలుసు, పొద్దున కాబట్టి గుమ్మాల ముందు మనుషులుంటారు. అక్కడి నుంచి ఆయన పనిచోటికే పోతాడు, ముందు నాయనమ్మకి ఇంకో సిలిండరు పంపిస్తాడు, మూడేళ్ళ జాబితాలున్న బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మేకుకి వేలాడే చొక్కా తీసి వేసుకున్నాడు, బొత్తాలు పెట్టుకోలేదు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. సిలిండరు మీద రెండు అడ్డగీతలు వేసి, వాటి కింద కాసేపు సుద్ద అలాగే పట్టుకుని, దాని పదకొండు తోక, నాలుగు అని రాశాడు. వంగి మెడ మీద రెండు అని రాశాడు. తొమ్మిది ఎక్కడా రాయలేదు.

నా వంక చూడలేదు. బండి హ్యాండిలు కిందికి నొక్కి, రొమ్ముకి ఆనించుకుని, గడప దగ్గర అంగుళం అంగుళం దింపాడు. చెప్పులు వేసుకోలేదు. వీధిలో నీడ ఉన్న వైపుకి మళ్ళాడు, అడుగు తీసి అడుగు వేస్తూ, నిద్రపోతున్న మనిషిని లేవకుండా మోసుకుపోతున్నట్టు. అడ్డం తీసేసిన తలుపు, నాలుగు నెలలకి మొదటిసారి, తనంతట తను కదిలి ఆయన వెనక మెల్లగా మూసుకుంది.